షేరు పెరిగింది, కిస్తీ ఎవరు కట్టారు?

కంపెనీ లాభం ఆకాశం నుంచి కురిసే మన్నా కాదు. ఎవరి జేబులోంచో రావాలి. సబ్బుల కంపెనీకి సబ్బు కొన్నవాళ్ల జేబులోంచి వస్తుంది, సిమెంటు కంపెనీకి ఇల్లు కట్టుకున్నవాళ్ల జేబులోంచి వస్తుంది. అందులో తప్పు పట్టేదేమీ లేదు. తప్పల్లా ఆ జేబు ఎవరిదో అడగకుండా చప్పట్లు కొట్టడంలో ఉంది.

ఈ మధ్య మన యువజన కూటాల్లో ఆమేన్ తర్వాత నడిచే కబుర్లు వినండి. బెంగళూరులో గానీ, చెన్నైలో గానీ, పూణేలో గానీ ఉద్యోగం వచ్చిన కుర్రాడికి మొదటి జీతంతోపాటు డీమ్యాట్ ఖాతా కూడా వస్తోంది. ఎవరి త్రైమాసిక ఫలితాలు ఎలా వచ్చాయి, ఏ షేరు ఇంకా పైకి పోతుంది, ఏది 'చవగ్గా' దొరుకుతోంది అన్న మాటలు కాయగూరల ధరల్లా నోట ఆడుతున్నాయి. మన తాతలు పొట్ట చేత పట్టుకుని ఊళ్లు దాటి వచ్చినవాళ్లు. వాళ్ల మనవలు నాలుగు రూపాయలు వెనకేసుకోవడం నాకు సంతోషమే. షేర్లు కొనడం పాపమని నేను రాయడం లేదు. ఒక మాట మాత్రం గట్టిగా చెప్పదలచుకున్నాను. షేరు ధర ఉత్త అంకె కాదు. అది రేపటి లాభం మీద ఈరోజు రాసుకున్న హక్కు పత్రం. ఆ రేపటి లాభం పేదవాళ్ల అప్పులోంచి రావాల్సినదైతే, ఆ పత్రం పేదవాళ్ల మెడ మీద రాసినట్టే.

దీనికి రుజువు కోసం అమెరికా దాకా పోనక్కర్లేదు. మన తెలుగు నేల మీద పుట్టిన కంపెనీ ఒకటి ఉంది. ఎస్‌కేఎస్ మైక్రో ఫైనాన్స్. పెద్దవాళ్లకు ఈ పేరు గుర్తుండే ఉంటుంది. ఇరవైల్లో ఉన్నవాళ్లు అప్పటికి బడిపిల్లలు, అందుకే కథ మొదటి నుంచీ చెబుతాను.

ఎస్‌కేఎస్ అంటే స్వయం కృషి సంగం. అమెరికాలో పెరిగిన తెలుగువాడు విక్రమ్ ఆకుల దాన్ని స్వచ్ఛంద సంస్థగా స్థాపించి, 1998లో మెదక్ జిల్లా నారాయణఖేడ్ ప్రాంతంలో చిన్న అప్పులు ఇవ్వడం మొదలుపెట్టారు. విరాళాలతో నడిచిన సంస్థ అది. బ్యాంకు గడప తొక్కనివ్వని ఆడవాళ్లకు అప్పు ఇచ్చింది. మంచి పనే. 2005లో అదే పని లాభం కోసం నడిచే ఫైనాన్స్ కంపెనీ చేతికి వచ్చింది. 2006లో టైమ్ పత్రిక ఆకులను ప్రపంచంలో ప్రభావం చూపే వందమందిలో ఒకరిగా ఎంచింది. ఆ ఏడాది మార్చిలో కంపెనీ సభ్యులు సుమారు 2 లక్షలు. 2010 మార్చి నాటికి 68 లక్షలు. నాలుగేళ్లలో ముప్పై రెట్లు దాటింది.

2010 ఆగస్టులో షేర్లు స్టాక్ మార్కెట్‌కు వచ్చాయి. ఒక్కో షేరు ధర 985 రూపాయల దాకా. అమ్మకానికి పెట్టిన వాటికంటే దాదాపు 14 రెట్లు ఎక్కువ డిమాండు వచ్చింది. పోగైన సొమ్ము 1,600 కోట్ల పైమాట. అందరూ చెప్పిన మాట ఏమిటంటే, పేదలకు అప్పులివ్వడానికి పెట్టుబడి కావాలి, దాతల దగ్గర అంత డబ్బు లేదు, మార్కెట్ దగ్గర ఉంది. వినడానికి న్యాయంగానే ఉంది. కానీ అమ్మిన షేర్లలో సగానికి పైగా పాత వాటాదారులు తమ వాటాల్లోంచి అమ్ముకున్నవి. ఆ మేరకు డబ్బు వాళ్ల చేతికే పోయింది, కొత్త అప్పుగా ఏ పల్లెకూ పోలేదు. (అమ్మినవాళ్లలో సభ్యుల మేలు కోసమంటూ పెట్టిన ట్రస్టులు కూడా ఉన్నాయి. ఆ ట్రస్టుల కథ విడిగా రాయాల్సినంత ఉంది, ఇక్కడ వదిలేస్తున్నాను.)

ఇప్పుడు మన కుర్రాళ్లకు ఇష్టమైన లెక్క చేద్దాం. ఒక్కో షేరు 985 చొప్పున మొత్తం కంపెనీ విలువ సుమారు 7,000 కోట్ల రూపాయలు. అంతకు ముందు ఏడాది నికర లాభం 174 కోట్లు. అంటే ఒక రూపాయి లాభానికి మార్కెట్ 40 రూపాయలు కట్టింది. సెప్టెంబరులో షేరు 1,400 దాటింది. అప్పుడైతే అరవైకి దగ్గర.

నలభై ఏళ్ల లాభం ముందుగా చెల్లించి ఎవరూ ఏదీ కొనరు. లాభం ఏటా దాదాపు రెట్టింపవుతూ పోతుందని నమ్మితేనే ఆ ధర పెడతారు. మరి అప్పులిచ్చే కంపెనీలో లాభం రెట్టింపు కావడానికి దారులేమున్నాయి? కొత్తవాళ్లకు అప్పులివ్వాలి. లేదా ఉన్నవాళ్లకే ఇంకా పెద్ద అప్పు ఇవ్వాలి. లేదా వడ్డీ పెంచాలి. లేదా ఒక్కో ఉద్యోగి నెత్తిన మరింతమందిని పెట్టి ఖర్చు తగ్గించాలి. వేరే దారి లేదు. ఆ రోజు ముంబైలో 985 కట్టినవాడు తెలిసో తెలియకో ఈ నాలుగూ జరిగి తీరాలని ఓటు వేశాడు. వాడికి నారాయణఖేడ్ ఎక్కడుందో తెలియదు. తెలియనక్కర్లేదు కూడా. మార్కెట్ గొప్పతనమంతా అదే.

అటు చివర ఏముందో చూద్దాం. ఐదుగురు ఆడవాళ్లు ఒక గ్రూపు. ఒకరికొకరు జామీను. కొన్ని గ్రూపులు కలిస్తే సెంటర్. వారానికోసారి, పొద్దున్నే, అందరి ముందూ కిస్తీ కట్టాలి. ఒకామె కట్టలేకపోతే మిగతా నలుగురూ సర్దాలి. 10,000 అప్పు తీసుకుని వారానికి 225 చొప్పున 50 వారాలు కడితే మొత్తం 11,250 అవుతుంది. వడ్డీ 1,250. చూడగానే పన్నెండున్నర శాతమే కదా అనిపిస్తుంది. కానీ ఆమె చేతిలో ఆ పది వేలూ ఏడాదంతా లేవు. మొదటి వారం నుంచే అసలు కరుగుతోంది. సగటున ఆమె దగ్గర ఉన్నది ఐదు వేల చిల్లర. దాని మీద 1,250 అంటే దాదాపు పాతిక శాతం. మీ ఇంటి లోను వడ్డీ ఎంతో ఒక్కసారి గుర్తు చేసుకోండి.

ఇంకో సంగతి. గేదె కొంటే పాలు రెండో వారానికే రావు. నాటు వేసిన పొలం ఏడో రోజుకు కంకి తొడగదు. కిస్తీ మాత్రం మొదటి వారం నుంచే మొదలు. అంటే ఆ కిస్తీ గేదెలోంచి కాదు, కూలి డబ్బుల్లోంచో, మరో అప్పులోంచో కట్టాలి. అందుకే రెండో కంపెనీ, మూడో కంపెనీ. ఒకే వీధిలో నాలుగు కంపెనీల సెంటర్లు. సోమవారం ఒకరికి, బుధవారం ఇంకొకరికి. బుధవారం అప్పుతో సోమవారం కిస్తీ.

అయినా కంపెనీ పుస్తకాల్లో అంతా పచ్చగానే ఉండేది. ఇన్వెస్టర్లకు చూపించే కాగితాల్లో వసూళ్లు 99 శాతం పైనే. ఈ ఒక్క అంకె మీదే ఆ భవనమంతా లేచింది. "చూడండి, పేదవాళ్లు ధనవంతులకంటే నిజాయితీగా కడతారు" అని సభల్లో చెప్పేవాళ్లు. విశ్లేషకులు దాన్నే నాణ్యమైన అప్పుకు గుర్తుగా రాసుకున్నారు.

నా గొడవంతా ఈ 99 మీదే. వసూలైన డబ్బు కట్టే శక్తిని చూపిస్తుందా, కట్టించే ఒత్తిడిని చూపిస్తుందా? నలుగురు పక్కింటివాళ్ల పరువు పణంగా పెడితే ఎవరైనా కడతారు. పుస్తెలు కుదువ పెట్టి కడతారు. పిల్లను బడి మాన్పించి కడతారు. ఆ వారానికి లెక్కలో 'వసూలైంది' అనే పడుతుంది. పుస్తెలకు ఆ పట్టికలో గడి లేదు. బంగారం తాకట్టు, అన్నం తగ్గించుకోవడం, వడ్డీ వ్యాపారి దగ్గర చేబదులు, ఇవన్నీ కలిపి నూటికి తొంభై తొమ్మిది. మన సంఘాల్లో ఈ సంగతి కొత్త కాదు. ఆదివారం పక్క బెంచీ మీద కూర్చునే అక్కే తన గ్రూపులో జామీను కాబట్టి, కిస్తీ తప్పిన అమ్మ గుడికి రావడం మానేస్తుంది. మనం 'ఆత్మీయంగా చల్లారిపోయింది' అని ప్రార్థనాంశాల్లో చేర్చుకుంటాం.

మార్కెట్‌కు ముందుగా తెలియదనడానికి వీల్లేదు. 2006లోనే కృష్ణా జిల్లాలో బలవంతపు వసూళ్లు, ఆత్మహత్యల ఫిర్యాదులు వచ్చి, జిల్లా యంత్రాంగం మైక్రో ఫైనాన్స్ కంపెనీల బ్రాంచీలు సుమారు యాభై మూయించింది. నాలుగేళ్ల ముందు సంగతి. పత్రికల్లో వచ్చింది. అయినా 14 రెట్లు ఎగబడ్డారు. ప్రమాదం తెలియక కాదు, ఆ ప్రమాదం తమది కాదన్న ధీమాతో.

2010 అక్టోబరులో తెర లేచింది. అప్పుల ఒత్తిడితో ఆత్మహత్యలంటూ జిల్లాల నుంచి వరుసగా వార్తలు. అక్టోబరు 15న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. కంపెనీలు జిల్లాలో రిజిస్టరు చేసుకోవాలి, బలవంతంగా వసూలు చేయకూడదు, వారం కిస్తీ బదులు నెల కిస్తీ. డిసెంబరులో చట్టమైంది. (యానాంలో ఉన్న మనవాళ్లు గమనించాలి. చుట్టూ గోదావరి జిల్లా అయినా అది పుదుచ్చేరి పరిధి కాబట్టి ఈ ఆర్డినెన్సు యానాం గట్టు ఎక్కలేదు.) ఆంధ్రాలో వసూళ్లు కుప్పకూలాయి. 2011-12లో ఎస్‌కేఎస్‌కు 1,300 కోట్లకు పైగా నష్టం. షేరు 2012లో వంద రూపాయల దిగువకు వచ్చింది. ఆకుల 2011 నవంబరులో తప్పుకున్నారు. 2012 ఫిబ్రవరిలో అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ, కంపెనీ కోసం జరిగిన విచారణలే కొన్ని ఆత్మహత్యలకూ సిబ్బంది ఒత్తిడికీ ముడిపెట్టాయని రాసింది. కంపెనీ తన తప్పేమీ లేదంది.

ఆ రోజుల్లో టీవీ చర్చలు గుర్తు చేసుకోండి. 'ఇన్వెస్టర్ల సంపద ఇన్ని వేల కోట్లు ఆవిరి' అని స్క్రోలింగ్. నిజమే, ఆవిరైంది. అదే తెర మీద, ఎన్ని ఇళ్లలో పుస్తెలు పోయాయో చెప్పే స్క్రోలింగ్ ఎప్పుడైనా చూశారా?

కొందరు అడిగే ప్రశ్నలు నాకు తెలుసు. వాటిని దాటేయను.

వడ్డీ వ్యాపారి కంటే నయం కదా అంటారు. నూటికి ఐదు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 60 శాతం. దాని పక్కన పాతిక శాతం నయమే. మొదటి అప్పు వరకూ ఈ వాదనను ఒప్పుకుంటాను. మూడో కంపెనీ కిస్తీ రోజున ఆమె పరుగెత్తేది మళ్లీ అదే వడ్డీ వ్యాపారి దగ్గరికి అయినప్పుడు, ఎవరికంటే ఎవరు నయం? ఇద్దరూ ఒకే గొలుసులో లింకులు.

ప్రభుత్వానిదీ స్వార్థమే అంటారు. తన పావలా వడ్డీ సంఘాలకు పోటీ అని కంపెనీలను తొక్కిందని. కొంత నిజం ఉంది. ఆ చట్టం మొరటుగా వచ్చింది, ఆలస్యంగా వచ్చింది, దాంతో పద్ధతిగా అప్పు తీసుకుని కడుతున్న ఆడవాళ్లకు కూడా దారి మూసుకుపోయింది. కానీ మంట పెట్టినవాడిని వదిలేసి, నీళ్లు ఎక్కువ పోశాడని మంటలార్పినవాడినే నిలదీయడం ఏం న్యాయం?

మూడోది మన సొంత గూటిది. తలాంతుల ఉపమానం. యజమాని ఇచ్చిన సొమ్మును పాతిపెట్టినవాణ్ణి మందలించాడు కదా, సాహుకారుల దగ్గర వేసినా వడ్డీ వచ్చేదన్నాడు కదా, కాబట్టి పెట్టుబడి వాక్యానుసారమే అని. ఈ మధ్య ఆర్థిక విజయం మీద పెట్టే సెమినార్లలో ఇది బాగా వినిపిస్తోంది. ఉపమానంలో డబ్బు పోలిక. డబ్బు గురించి పోలిక లేకుండా, సూటిగా చెప్పిన చోటు నెహెమ్యా గ్రంథం అయిదో అధ్యాయం. కరువులో ధాన్యం కోసం, రాజు పన్ను కోసం జనం పొలాలు, ద్రాక్షతోటలు, ఇళ్లు కుదువ పెట్టారు. పిల్లల్ని దాస్యానికి పంపారు. అప్పులిచ్చినవాళ్లు పరదేశులు కారు, సొంత సహోదరులు. నెహెమ్యా వాళ్ల కోసం ఉపవాస కూటం పెట్టలేదు. ప్రధానుల మీద మహాసభ పెట్టాడు. పొలాలు తిరిగి ఇప్పించాడు, నూరో వంతు వడ్డీని కూడా తిరిగి ఇమ్మన్నాడు. ఆ నూరో వంతు నెలకు అని చాలామంది వ్యాఖ్యాతలు చదువుతారు. అలా చదివినా ఏడాదికి 12 శాతం. మన లెక్కలో సగం.

బంగ్లాదేశ్ గ్రామీణ బ్యాంకు స్థాపకుడు ముహమ్మద్ యూనస్ క్రైస్తవుడు కాడు, స్టాక్ మార్కెట్ శత్రువూ కాడు. ఆయన కూడా 2010 సెప్టెంబరులో న్యూయార్క్‌లో ఆకులతో ఒకే వేదిక మీద కూర్చుని ఈ పద్ధతిని వ్యతిరేకించారు. ఆయన బ్యాంకులో అత్యధిక వాటా అప్పు తీసుకునే ఆడవాళ్లదే. లాభం వస్తే వాళ్లకే పోతుంది. షేరు ధర అనే మూడో మనిషి ఆ గదిలో లేడు. తేడా అంతా అక్కడుంది.

ఇదంతా పదిహేనేళ్ల నాటి ముచ్చట, ఇప్పుడెందుకు అంటారా? కంపెనీలు చచ్చిపోవు, పేర్లు మార్చుకుంటాయి. ఆంధ్రాలో దెబ్బ తిన్న ఎస్‌కేఎస్ ఒడిశా, కర్ణాటక, బీహార్, మహారాష్ట్రల్లో పెరిగింది. అంటే మనలో చాలామంది ఉన్న రాష్ట్రాల్లోనే. 2016లో పేరు భారత్ ఫైనాన్షియల్ ఇన్‌క్లూజన్ అయింది. 2019 జులైలో ఇండస్ఇండ్ బ్యాంకులో కలిసింది. ఆ బ్యాంకు షేరు ఏళ్ల తరబడి నిఫ్టీ 50 సూచీలో ఉండేది. కాబట్టి తమ్ముడూ, నువ్వు నెలనెలా నిఫ్టీ ఇండెక్స్ ఫండ్‌లో సిప్ కట్టి ఉంటే, ఆ ఏళ్లలో ఆ వ్యాపారంలో నీకూ ఓ పిసరు వాటా ఉంది. నీకు తెలియకుండానే నువ్వూ ఆ సెంటర్ మీటింగ్‌లో చాప మీద కూర్చున్నావు, బల్లకు అటు వైపున.

ఆ తర్వాత ఏం జరిగిందో చూడు. 2021 మే నెలలో 84,000 మంది ఖాతాదారులకు వాళ్ల అంగీకారం నమోదు కాకుండానే అప్పులు మంజూరయ్యాయి. ఈ సంగతి బయటపడ్డాక సాంకేతిక లోపం అని బ్యాంకు చెప్పింది. 2025 మార్చి 10న డెరివేటివ్‌ల లెక్కల్లో తేడాలున్నాయని బ్యాంకే ప్రకటించింది. మర్నాడు ఒక్కరోజులో షేరు నాలుగో వంతుకు పైగా పడింది. మే నెలలో ఇంకోటి. మైక్రో ఫైనాన్స్ వ్యాపారంలో 674 కోట్ల రూపాయలను మూడు త్రైమాసికాలపాటు తప్పుగా వడ్డీ ఆదాయం కింద రాసుకున్నారని, దాన్ని జనవరిలోనే వెనక్కి తిప్పేశారని అంతర్గత ఆడిట్ తేల్చింది. ఆ త్రైమాసికంలో నష్టం 2,300 కోట్లకు పైనే. ఏప్రిల్ చివర్లోనే సీఈఓ రాజీనామా చేశారు.

ఆ 674 కోట్ల దగ్గర ఒక్క క్షణం ఆగండి. ఎవరూ కట్టని వడ్డీ మూడు త్రైమాసికాలు 'ఆదాయం'గా చెలామణీ అయింది. ఆ ఫలితాలు చూసి ధర కట్టినవాళ్లున్నారు, సిఫారసులు రాసినవాళ్లున్నారు. 2010లో కనీసం పుస్తెలు అమ్మి కట్టిన డబ్బు లెక్కలో ఉండేది. ఇప్పుడు ఆ అవసరం కూడా లేకుండా పోయిందన్నమాట.

ఒక్క బ్యాంకును పట్టుకుని దులిపేస్తున్నానని అనుకోవద్దు. 2022 ఏప్రిల్ నుంచి రిజర్వు బ్యాంకు మైక్రో ఫైనాన్స్ వడ్డీ మీద ఉన్న గరిష్ఠ పరిమితిని తీసేసింది. బోర్డులే న్యాయంగా ధర పెట్టుకుంటాయన్న నమ్మకం. రెండున్నరేళ్లకు, 2024 అక్టోబరులో, అదే రిజర్వు బ్యాంకు ధరలు మితిమీరాయని నాలుగు ఫైనాన్స్ కంపెనీలను కొత్త అప్పులివ్వకుండా ఆపాల్సి వచ్చింది. వాటిలో రెండు మైక్రో ఫైనాన్స్ కంపెనీలు. ఒకదాని పేరు ఆశీర్వాద్! ఆ ఆశీర్వాదం మీద మరుసటి జనవరిలో నిషేధం ఎత్తేశారు. 2025 ఫిబ్రవరిలో కర్ణాటక ప్రభుత్వం బలవంతపు వసూళ్ల మీద ఆర్డినెన్సు తెచ్చింది, అదే ఏడాది తమిళనాడు శాసనసభ కూడా అలాంటి బిల్లే ఆమోదించింది. పదిహేనేళ్ల కిందట నారాయణఖేడ్, కృష్ణాల్లో జరిగింది ఇప్పుడు మన గుమ్మాల్లోకి వచ్చింది. రాష్ట్రం మారింది, షేరు పేరు మారింది, వారం కిస్తీ అదే.

అందుకే మన యువతను నేను అడిగేది షేర్లు అమ్మేయమని కాదు. చదవమని. లాభం పెరిగిందన్న శీర్షిక దగ్గర ఆగిపోకండి. అప్పులిచ్చే కంపెనీ ఏదైనా సరే, దాని వార్షిక నివేదిక తీసి చూడండి. తాము తెచ్చుకున్న డబ్బుకు ఎంత వడ్డీ కడుతున్నారు, ఆడవాళ్ల దగ్గర ఎంత వసూలు చేస్తున్నారు, మధ్యలో మిగిలేది ఎంత? తమ ఖాతాదారుల్లో ఎంతమందికి మరో ముగ్గురు నలుగురి దగ్గర అప్పులున్నాయి? మైక్రో ఫైనాన్స్ కంపెనీల సొంత సమాఖ్యే 2025 ఏప్రిల్ నుంచి ఒకామెకు ముగ్గురికి మించి అప్పివ్వకూడదని నియమం పెట్టుకుంది. దాన్ని పాటిస్తున్నారా? ఏడాదిలో ఎంత బాకీ కొట్టేశారు? ఫీల్డులో తిరిగే కుర్రాళ్లు ఎంతమంది ఉద్యోగం మానేసి పోయారు? ఈ చివరి అంకె చిన్నదిగా కనిపిస్తుంది గానీ చాలా చెబుతుంది. ఇంటింటికీ తిరిగి ఒత్తిడి పెట్టే పని ఎవరి మనసుకూ పట్టదు. వాళ్లూ మన పిల్లలే, పది పన్నెండు వేల జీతానికి టార్గెట్ల కింద నలిగేవాళ్లే.

పెద్దలకు వేరే మాట. సంఘ నిధులు, పాస్టర్ల సంక్షేమ నిధులు, బడుల కార్పస్ డబ్బు ఎక్కడెక్కడ ఉన్నాయో సభ్యులకు చెప్పండి. వడ్డీ ఎక్కువ వస్తుందని ఏ ఫైనాన్స్ కంపెనీ డిపాజిట్లలో వేశారో, ఆ కంపెనీ ఆ వడ్డీ ఎవరి దగ్గర రాబడుతోందో అడిగే హక్కు కానుకల సంచీలో రూపాయి వేసిన ప్రతివాళ్లకూ ఉంది. స్త్రీల సమాజాల్లో ఒక ఆదివారం పాటలు తగ్గించి ఈ నియమాలు చదివించండి. కుటుంబం నెల ఆదాయంలో అన్ని అప్పుల కిస్తీలూ కలిపి సగం దాటకూడదని రిజర్వు బ్యాంకు నియమం. పొద్దున తొమ్మిదికి ముందు, సాయంత్రం ఆరు తర్వాత వసూలుకు ఫోను చేయకూడదు. ముందుగా కట్టేస్తే జరిమానా వేయకూడదు. ఈ మూడు ముక్కలు తెలియని అమ్మ దగ్గర రాత్రి ఎనిమిదింటికి కూడా గుమ్మం ముందు కూర్చుంటారు. తెలిసిన అమ్మ కనీసం టైము ఎంతయిందని అడుగుతుంది.

జులై, ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో కంపెనీల వార్షిక సభలు జరుగుతాయి. ఇప్పుడు చాలా వరకూ వీడియోలోనే, ముంబై పోనక్కర్లేదు. ఒక్క షేరు ఉన్నా ముందుగా పేరు నమోదు చేసుకుని ప్రశ్న అడగొచ్చు. సాధారణంగా అక్కడ అడిగేది డివిడెండు ఎంత, బోనస్ ఎప్పుడు అని. ఈసారి బరంపురంలోనో, రాయచూరులోనో, హోసూరులోనో ఉన్న మన కుర్రాడొకడు లైన్లోకి వచ్చి ఛైర్మన్‌గారిని తెలుగు యాస ఇంగ్లీషులోనే అడగాలి: అయ్యా, మీ వసూళ్లు 99 శాతం అన్నారు, ఆ డబ్బు ఆమె ఎక్కడి నుంచి తెచ్చిందో మీ దగ్గర లెక్క ఉందా?